పసిబిడ్డ ఇంటికొచ్చాక బండి సంగతి

ఈ నెల మా కార్ల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లోంచి, ఇంట్లో కొత్తగా బిడ్డ పుట్టిన కారు ప్రేమికులవి ఏరి ఒకచోట పెట్టాం. బండి అమ్మేయాలా అన్న దిగులు చాలా ఉత్తరాల్లో ఉంది. అమ్మనక్కర్లేదు. మొదట చైల్డ్ సీటు, తర్వాత లోపలి గాలి, ఆ తర్వాతే కుదుపులు: ఈ వరుసలో పని చూసుకుంటే చాలా బండ్లు బిడ్డకు పనికొస్తాయి.

ప్రశ్న: పాప పుట్టి రెండు నెలలైంది. మూడో నెలలో పుట్టింటి నుంచి, అంటే రాజమహేంద్రవరం నుంచి హైదరాబాద్ తీసుకురావాలి. నాది 2019 స్విఫ్ట్. ముందు రెండు సీట్లూ తీసి రేసింగ్ కార్లలోలాంటి ఫిక్స్‌డ్ బకెట్ సీట్లు వేయించాను. చైల్డ్ సీటు ఎక్కడ, ఎలా బిగించాలి? మా అత్తగారేమో ఒడిలో పెట్టుకుంటే చాలు, ఇదంతా ఎందుకంటున్నారు. — హైదరాబాద్

జవాబు: అత్తగారి ప్రేమను కాదనలేం గానీ, లెక్క ఒకటి చూపించండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్న కారు దేన్నయినా గుద్దుకుని అర మీటరులో ఆగిపోతే, 5 కిలోల పాప ఆ క్షణంలో దాదాపు 100 కిలోల బరువుతో ముందుకు దూకుతుంది. ఎంత గట్టిగా పొదువుకున్న చేతులైనా దాన్ని ఆపలేవు. పెద్దవాళ్లు బెల్టు పెట్టుకోకుండా ఒడిలో పట్టుకుంటే, వాళ్ల బరువు కూడా పాప మీదే పడుతుంది. చట్టం సంగతికొస్తే, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టుతోగానీ చైల్డ్ సీటుతోగానీ భద్రంగా కూర్చోబెట్టకపోతే 1,000 రూపాయల జరిమానా.

పాప ముఖం వెనక్కి, అంటే డిక్కీ వైపుకు ఉండాలి. పుట్టిన బిడ్డ తల ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది, మెడ ఇంకా నిలవదు. వెనక్కి తిరిగి ఉంటే బండి ఆగిన దెబ్బను వీపు, తల, మెడ కలిసి సీటు చిప్ప మీద పంచుకుంటాయి. ముందుకు తిరిగి ఉంటే ఆ దెబ్బంతా మెడదే. వెనక్కి తిరిగిన సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీటులో ఎప్పుడూ పెట్టకండి. బ్యాగ్ విచ్చుకునే దెబ్బ నేరుగా పాప తల వెనక తగులుతుంది.

కొనేటప్పుడు సీటు మీది కాషాయరంగు లేబుల్ చదవండి. ఆర్129, ఆర్44 అనేవి చైల్డ్ సీట్ల భద్రతా ప్రమాణాలు. ఆర్129 అని ఉంటే బిడ్డ పొడుగును బట్టి ఎంచుకోవాలి, ఆ సీట్లలో కనీసం 15 నెలలదాకా వెనక్కే తిప్పి ఉంచాలి. ఆర్44/04 అని ఉంటే గ్రూప్ 0+ తీసుకోండి, అది 13 కిలోల వరకు. మీ తరం స్విఫ్ట్‌లో ఐసోఫిక్స్, అంటే చైల్డ్ సీటును బెల్టు లేకుండా నేరుగా బండి కడ్డీలకు బిగించే ఏర్పాటు, అన్ని వేరియంట్లలోనూ ఉంది. వెనక సీటు ఆనుకునే భాగానికీ కూర్చునే భాగానికీ మధ్య సందులో వేలు పెట్టి చూడండి, 28 సెంటీమీటర్ల ఎడంలో రెండు ఇనుప కడ్డీలు తగులుతాయి. చైల్డ్ సీటు కింద ఉండే పీట (బేస్) కొక్కేలను వాటికి నెడితే రెండు వైపులా టక్కుమని పట్టుకోవాలి, రెండు గుర్తులూ ఆకుపచ్చకు మారాలి. ఒక్కటే పచ్చగా ఉంటే పట్టుకోనట్టే, తీసి మళ్లీ నెట్టండి. కింద కాలు ఉన్న బేస్ అయితే ఆ కాలు ఫ్లోర్ మీద గట్టిగా ఆనాలి. మందపాటి మ్యాట్ ఉంటే తీసేయండి.

ఐసోఫిక్స్ లేని సీటును బెల్టుతో బిగించేటప్పుడు నీలం గుర్తులున్న దారిలోంచే బెల్టు పోనివ్వాలి, ఎరుపు ముందుకు తిరిగే సీట్లది. ఇక్కడ తరచూ రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, కొన్ని హ్యాచ్‌బ్యాక్‌లలో బెల్టు పొడుగు చాలదు. కొనే ముందే మీ కారులో పెట్టి చూడండి. రెండోది, బకిల్ కాడ పొడుగ్గా ఉండి సీటు చిప్ప అంచు మీద వంగి కూర్చుంటుంది. ఆ వంపు మీద బలం పడితే బకిల్ విరగవచ్చు. అప్పుడు స్థానం మార్చండి, లేదా ఆ సీటు వద్దనుకోండి. బిగించాక బెల్టు దారి దగ్గర పట్టుకుని అటూ ఇటూ ఊపితే 2.5 సెంటీమీటర్లకు మించి కదలకూడదు.

పాపను పడుకోబెట్టాక భుజం పట్టీలు భుజాల ఎత్తులోనో, కొంచెం కిందనుంచో రావాలి. పట్టీని బిగించి, భుజం ఎముక దగ్గర బొటనవేలు, చూపుడువేలితో నిలువుగా గిల్లి చూడండి. పట్టీ మడత వేళ్లకు దొరికితే వదులుగా ఉన్నట్టు. పొత్తిగుడ్డలు చుట్టి పట్టీ వేయకండి. ముందు పట్టీ, పైన దుప్పటి. గడ్డం ఛాతీకి ఆనకుండా మధ్యలో పెద్దవాళ్ల వేలు ఒకటి దూరేంత సందు ఉండాలి. మెడ వాలితే శ్వాసనాళం మడతపడి ఊపిరి ఆడదు, ఏడుపు కూడా వినిపించదు. తల పక్కకు ఒరుగుతుంటే రెండు వైపులా చిన్న తువ్వాలు చుట్టి పెట్టవచ్చు, తల వెనక మాత్రం ఏమీ పెట్టకండి.

మీ బకెట్ సీట్ల దగ్గర ఒక చిక్కుంది. అవి వెనక్కి వాలవు, కానీ పట్టాలమీద వెనక్కి జరిపితే వాటి గట్టి చిప్ప పాప సీటుకు గుద్దుకుంటుంది. ప్రయాణికుడి సీటును ముందుకు జరిపి, మధ్యలో వేళ్లు దూరే ఖాళీ ఉంచండి. సీటు మార్చినప్పుడు బెల్టు బకిల్ వైరు, సీటు కింది పసుపు ప్లగ్ ఊడదీసి వదిలేశారా చూడండి. మీటరులో ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతూ ఉందంటే ఆ వ్యవస్థ మొత్తం పనిచేయకపోవచ్చు. నిజానికి పాప ఉన్న ఈ ఒకటి రెండేళ్లు కంపెనీ సీట్లు తిరిగి బిగించుకోవడమే మంచిది. బకెట్లను గుడ్డ చుట్టి అటక మీద పెట్టుకోండి.

రాజమహేంద్రవరం నుంచి హైదరాబాద్ దాదాపు 420 కిలోమీటర్లు. నెలలోపు బిడ్డను సీటులో ఒక్కసారికి 30 నిమిషాలకు మించి ఉంచవద్దంటారు, తర్వాత కూడా రెండు గంటలు దాటకూడదు. మూడో నెలలో గంటకో, గంటన్నరకోసారో ఆగితే మేలు: తాడేపల్లిగూడెం, ఏలూరు, విజయవాడ, కోదాడ, సూర్యాపేట, చౌటుప్పల్. ప్రతిచోటా సీటులోంచి తీసి వెల్లకిలా, చదునుగా పడుకోబెట్టండి. పెద్దవాళ్లు ఒకరు వెనక పాప పక్కనే కూర్చోవాలి. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువైనా, ఈ ప్రయాణానికి ముందు పిల్లల డాక్టరును అడగండి.

ప్రశ్న: కారును 40 మిల్లీమీటర్లు కిందికి దించాను, 17 అంగుళాల అల్లాయ్స్, 205/45 టైర్లు. స్పీడ్ బ్రేకర్ దగ్గర బాబు ఉలిక్కిపడి ఏడుస్తున్నాడు. వెన్నెముకకు ఏమైనా అవుతుందా? స్టాక్‌కు, అంటే కంపెనీ ఇచ్చిన తీరుకు తిప్పాలంటే ఏమేం మార్చాలి? కారు స్విఫ్ట్. — విశాఖపట్నం

జవాబు: సీటులో సరిగ్గా కట్టిన, నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతుడైన బిడ్డకు మామూలు రోడ్డు కుదుపులతో వెన్నెముక దెబ్బతినదు. అసలు చిక్కు ఏమిటంటే, ప్రతి కుదుపుకూ తల కొంచెం కొంచెంగా ముందుకు జారి గడ్డం ఛాతీకి ఆనుతుంది. అందుకే మీ ప్రశ్న చిన్నది కాదు.

కుదుపు ఎక్కడ పుడుతోందో చూద్దాం. స్విఫ్ట్ పై వేరియంట్లకు కంపెనీ ఇచ్చే 185/65 ఆర్15 టైరు గోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు. మీ 205/45 ఆర్17 గోడ 92. గుంత దెబ్బను మొదట మింగేది ఈ రబ్బరు గోడే, అందులో 28 మిల్లీమీటర్లు పోయాయి. పైగా రిమ్ వంగుతుందన్న భయంతో చాలామంది గాలి 36, 38 పీఎస్‌ఐ పెడతారు, అది కుదుపును ఇంకా పెంచుతుంది. కంపెనీ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు, మీకు మిగిలింది దాదాపు 120. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. దానిమీద 25 కిలోమీటర్ల వేగంలో హాయిగా దాటవచ్చు. కాలనీల్లో ఎవరికి వారు పోసే సిమెంటు దిమ్మలకు ఆ వెడల్పు ఉండదు, మీ కారు పొట్ట రాసుకునేది అక్కడే.

మొదటి పని టైర్లు. పాత 15 అంగుళాల రిములు ఉంటే వేసేయండి, గాలి డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌లో ఎంతుంటే అంతే, ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు. రెండు సైజుల టైరు మొత్తం ఎత్తులో తేడా 5 మిల్లీమీటర్లే కాబట్టి స్పీడోమీటరు లెక్క పెద్దగా మారదు. సగం కుదుపు ఇక్కడే తగ్గినట్టు మీకే తెలుస్తుంది. కొందరికి అక్కడితో సరిపోతుంది.

సరిపోకపోతే స్ప్రింగులు. ఇక్కడ గ్యారేజీలో నిలబడి చూడాల్సిన నాలుగు సంగతులున్నాయి. దించేటప్పుడు చాలామంది బంప్‌స్టాప్‌లను (స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు దెబ్బ ఆపే రబ్బరు ముక్కలు) కోసేస్తారు. స్టాక్ స్ప్రింగు వేసి కోసిన బంప్‌స్టాప్‌నే వదిలేస్తే, పెద్ద గుంతలో షాకబ్జర్ అడుగంటా కొట్టుకుంటుంది, అందుకని అవి కొత్తవి వేయించండి. ముందు చక్రాల స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఉండే భాగం) ఎలాగూ విప్పుతారు కాబట్టి పై మౌంటు బేరింగు చేత్తో తిప్పి చూడమనండి, గరగరలాడితే అప్పుడే మార్చాలి. వెనకది టోర్షన్ బీమ్, అంటే రెండు వెనక చక్రాలను కలిపే దూలం, స్ప్రింగు షాకబ్జర్‌కు విడిగా కూర్చుంటుంది. స్ప్రింగు కొస కింది రబ్బరు గాడిలో కూర్చోకపోతే వంపుల్లో టకటక చప్పుడొస్తుంది. నాలుగోది ఎక్కువమంది తప్పేది: చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే లోయర్ ఆర్మ్ బోల్టులు వదులు చేసి ఉంటే, వాటిని చివరి బిగింపు బిగించేది బండి జాకీ మీద వేలాడుతుండగా కాదు, నాలుగు చక్రాల మీద దిగాక. వేలాడుతూ బిగిస్తే బుష్ రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది. పని అయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి. ఎత్తు మారితే టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, కూడా మారుతుంది.

కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాకబ్జర్ జతలు) ఉన్నవారు స్ప్రింగు ప్రీలోడ్ పెంచి, అంటే స్ప్రింగును ముందే ఇంకా నొక్కి బిగించి ఎత్తు పెంచాలని చూడకండి, కింది బ్రాకెట్‌తో ఎత్తు సరిచేయండి. డాంపర్ (షాకబ్జర్) నాబ్‌ను ఇప్పుడున్న చోటునుంచి పూర్తిగా గట్టి వైపుకు తిప్పుతూ క్లిక్కులు లెక్కపెట్టండి. ఆ అంకె రాసి పెట్టుకుని, తర్వాత నాబ్‌ను మెత్తటి వైపుకు తిప్పండి. రేపు ట్రాక్‌కు వెళ్లేటప్పుడు మళ్లీ అదే అంకెకు రావచ్చు.

ప్రశ్న: పెద్ద సైలెన్సర్ బిగించాను, చప్పుడు బాగుంటుంది గానీ హైవే మీద గుయ్యిమంటుంది. పాప వెనకే ఉంటుంది. చెవులకు ప్రమాదమా? — వరంగల్

జవాబు: చప్పుడు కంటే ముందు గాలి సంగతి చూడండి. మారిన సైలెన్సర్‌కూ పాత పైపుకూ మధ్య కీలు దగ్గర లీకు సర్వసాధారణం. అక్కడ బయటపడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. పసిబిడ్డ నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి పీలుస్తుంది, పెద్దవాళ్ల కంటే చాలా ఎక్కువ.

ఉదయం చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, ఆరుబయట చూడండి. ఒకరు చేతికి గ్లౌజు వేసుకుని తడి గుడ్డ మడతపెట్టి పైపు చివర కొద్ది క్షణాలు అదిమి పట్టాలి. ఇంకొకరు బండి పక్కన వంగి కీళ్ల దగ్గర చెవి పెట్టాలి. లీకు ఉంటే చుయ్‌మని వినిపిస్తుంది. కీలు చుట్టూ నల్లటి మసి మరక ఉన్నా అదే గుర్తు. గ్యాస్కెట్‌ను మళ్లీ వాడకుండా కొత్తది వేయించండి. ఆ గాలి లోపలికి వచ్చే దారులు కూడా మూయాలి. డిక్కీ తలుపు రబ్బరులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టడం లేదు. ఆంప్లిఫయర్ వైర్ల కోసం డిక్కీ అడుగున ఎవరైనా రంధ్రాలు కొట్టి రబ్బరు బిరడా లేకుండా వదిలేశారేమో చూడండి. ఈ శీర్షికకు ఉత్తరాలు రాసేవారి బండ్లలో ఇది ఎక్కువగా ఉండేదే. డిక్కీ కొంచెం తెరిచిపెట్టి బండి నడపడం, మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి ఉంచడం రెండూ వద్దు.

ఇక మోత. ఆస్పత్రుల్లో నవజాత శిశువుల వార్డులో 45 డెసిబెల్స్ దాటితే ఎక్కువని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ అంటుంది. పెద్ద సైలెన్సర్ బండిలో ఆ అంకె ఎప్పుడో దాటిపోతుంది. కొన్ని సైలెన్సర్లు 2,000–3,000 ఆర్‌పీఎమ్ మధ్య ఎక్కువ గుయ్యిమంటాయి, హైవేలో మనం ఉండేది ఆ మధ్యే. మోతను తగ్గించే రెసొనేటర్ డబ్బా తీసేసి ఉంటే తిరిగి పెట్టించండి, చాలావరకు తగ్గుతుంది. మెరుగైన పని కంపెనీ సైలెన్సర్ వేసేయడమే. రోడ్డు మీద మోత పెట్టే సైలెన్సర్ చట్టవిరుద్ధం కూడా. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు. మీ సబ్‌వూఫర్ కూడా కొంతకాలం ప్లగ్ తీసి ఉంచండి.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అక్క వాళ్ల బాబు వాడిన చైల్డ్ సీటు పంపిస్తానంది. మన కార్లకు సరిపోతుందా? — గుంటూరు

జవాబు: కడ్డీల కొలత ఒకటే, 28 సెంటీమీటర్లు. కాబట్టి కింది కొక్కేలతో బిగించే సీటు అయితే సరిపోతుంది. బెల్టుతో బిగించేదైతే జాగ్రత్త. అమెరికా కార్లలో బెల్టును పూర్తిగా బయటకు లాగి వదిలితే టకటకమని వెనక్కి వెళ్తూ ఎక్కడికక్కడ లాక్ అవుతుంది. మన కార్లలో ఎక్కువగా ఆ ఏర్పాటు ఉండదు. ఒకసారి లాగి చూడండి, మళ్లీ సులువుగా వచ్చేస్తే లాక్ లేదు. అప్పుడు సీటు బేస్‌లోనే బెల్టును పట్టే బిగింపు ఉండాలి. లేదంటే హెచ్ ఆకారంలో ఉండే ఇనుప లాకింగ్ క్లిప్‌ను బకిల్ నాలుకకు 2.5 సెంటీమీటర్లలోపు నడుం బెల్టునూ భుజం బెల్టునూ కలిపి తొడగాలి.

ఛాతీ క్లిప్ ఉంటే అది చంకల ఎత్తులో ఉండాలి, పొట్ట మీదకు జారితే లాభం లేదు. సీటు చిప్ప అడుగున గడువు తేదీ అచ్చై ఉంటుంది, చూడండి. ఏదైనా ప్రమాదంలో ఉన్న సీటయితే పైకి బాగున్నా వద్దు. బరువు పౌండ్లలో రాసి ఉంటుంది: 35 పౌండ్లంటే దాదాపు 15.9 కిలోలు. ఇటునుంచి సీటు తీసుకుని అమెరికా వెళ్లేవారికి మాత్రం అది చెల్లదు, అక్కడి భద్రతా ప్రమాణమైన ఎఫ్‌ఎమ్‌వీఎస్‌ఎస్ 213 లేబుల్ ఉన్న సీటే వాడాలి.

ప్రశ్న: మేడ కింద పాత ఫియట్ పద్మినిని విప్పి బాగుచేస్తున్నాను. పైన బాలింత, బిడ్డ ఉన్నారు. పని ఆపాలా? — తెనాలి

జవాబు: కొన్ని పనులు ఆపాలి, కొన్ని కొనసాగించవచ్చు. పాత పెయింటును గీకడం, ఎండు ఇసుక కాగితంతో రాయడం ఇంటి కింద వద్దు. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండవచ్చు, ఆ ధూళి బట్టలకు అంటుకుని పైకి వస్తుంది. పాత బ్రేక్ షూలు, క్లచ్ ప్లేటులో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కనుక కంప్రెసర్ గాలితో ఊదకండి. నీళ్లు చిలకరించి తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి. టూకే క్లియర్ కోట్ (రెండు భాగాలు కలిపి వేసే పై మెరుపు పూత) లోని హార్డెనర్ ఊపిరితిత్తులకు చేటు. పెయింటు పని మొత్తం బయట బూత్‌కు పంపించండి. థిన్నర్, పెట్రోలు డబ్బాలు మూత బిగించి ఇంటికి దూరంగా పెట్టండి. కార్బొరేటర్ దగ్గర చెమ్మ కారుతుంటే ముందు అది ఆపండి.

వైరింగు, ఇంజిన్ అసెంబ్లీ, లోపలి సీట్ల పని చేసుకోవచ్చు. పనికి వేరే బట్టలు పెట్టుకోండి. అవి కిందనే విప్పి, విడిగా ఉతికించండి. బ్యాటరీ టెర్మినళ్లు, చక్రాల సీసపు బరువులు పట్టుకున్న చేతులను సబ్బుతో, గోళ్ల కింద బ్రష్‌తో కడుక్కుని, చెప్పులు బయట వదిలి, అప్పుడు బిడ్డను ఎత్తుకోండి. నల్లని ఆయిల్ పట్టిన చేతిని పెట్రోలుతో కడుక్కునే అలవాటు ఉంటే మానేయండి.

ప్రశ్న: ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయని బానెట్ కింద కలరా ఉండలు వేశాను, లోపల వాసనకు కర్పూరం పెడతాం. పాపకు ఇబ్బందా? — నల్గొండ

జవాబు: రెండూ ఈ రోజే తీసేయండి. కలరా ఉండలోని నాఫ్తలీన్ ఆవిరి ఏసీ గాలి దారిలో లోపలికి వస్తుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న బిడ్డల్లో అది ఎర్ర రక్తకణాలను పగలగొట్టి కామెర్లు తెచ్చిపెడుతుంది. లోపం ఉన్నట్టు పరీక్ష చేయిస్తేగానీ తెలియదు. కర్పూరం మింగినా, ఒంటికి రాసినా పసిబిడ్డలకు ఫిట్స్ వచ్చే ప్రమాదముంది, కాబట్టి మూసిన కారులో దాన్ని ఉంచకండి. తీశాక రెండు రోజులు తలుపులు తెరిచి గాలి పోనివ్వండి, క్యాబిన్ ఫిల్టర్ కొత్తది వేయించండి. ఎలుకలకు బానెట్ కింద దారులు మూసేలా సన్నని ఇనుప జాలీ బిగించండి. బండిని చెత్తకుండీకి దూరంగా నిలపండి.

ప్రశ్న: ఇక వారాంతపు డ్రైవ్‌లు లేవు, కారు నెలలు నిలిచిపోతోంది. రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేస్తే చాలా? — విజయవాడ

జవాబు: ఐదు నిమిషాల స్టార్టు మేలు కంటే కీడే చేస్తుంది. స్టార్టింగుకు పోయిన కరెంటు అంతసేపట్లో తిరిగి రాదు, ఇంజిన్ వేడెక్కక ఆయిల్‌లో, సైలెన్సర్‌లో నీటి చెమ్మ మిగులుతుంది. వారానికోసారి కనీసం 20 నిమిషాలు నడపండి. కుదరకపోతే బ్యాటరీ నెగటివ్ తీసి ఉంచండి. మల్టీమీటరుతో చూస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.4కు దిగితే చార్జింగు పెట్టండి. హ్యాండ్ బ్రేక్ వేసి వదిలేస్తే షూలు డ్రమ్ముకు పట్టేస్తాయి. గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. టైర్లలో 3 నుంచి 5 పీఎస్‌ఐ ఎక్కువ గాలి పెట్టి నిలపండి, మళ్లీ నడిపే ముందు మామూలుకు తెచ్చుకోండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు చెమ్మను లాగుతుంది కాబట్టి ట్యాంకు నిండుగా ఉంచడం మేలు.

ప్రశ్న: ఆదివారం తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్ మీద ఒక చుట్టు వేయడం అలవాటు. బాబు రాత్రంతా నిద్రపోనివ్వడం లేదు. పోవచ్చా? — హైదరాబాద్

జవాబు: ఆ వారం వద్దు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన చట్టం అనుమతించేది 0.03 శాతం మాత్రమే. రింగ్ రోడ్ 158 కిలోమీటర్లు, అంతా ఒకే తీరుగా ఉండే దారి. అలసిన కళ్లు మూతపడేది అలాంటి దారిలోనే. కిటికీ తెరవడం, పాటలు పెట్టడం కొద్ది నిమిషాలే పనిచేస్తాయి. ఒక రాత్రి తల్లీ తండ్రీ వంతులేసుకుని, కనీసం ఆరు గంటలు ఒకేసారి పడుకున్న మరుసటి ఉదయం వెళ్లండి.